బ్యారెల్ ఏజ్డ్ ఇంపీరియల్ స్టౌట్ రుచి చూడటం: కాఫీ, వెనిలా, చెక్క దేన్ని ఎలా పట్టుకోవాలి

లేబుల్ మీద బ్యారెల్ ఏజ్డ్ (అంటే చెక్క పీపాలో నెలల తరబడి ఉంచింది), కాఫీ, వెనిలా అని మూడూ రాసున్న ఇంపీరియల్ స్టౌట్, అంటే గట్టి నల్ల బీర్, ఒకటి చేతికొచ్చిందనుకోండి. చాలామంది ఫ్రిజ్‌లోంచి తీసి, ఓపెన్ చేసి, రెండు గుక్కలు తాగి "వెనిలా భలే తెలుస్తోంది" అనేసి అక్కడితో ఆపేస్తారు. సరే, ఆ వెనిలా కాయలోంచి వచ్చిందా, చెక్కలోంచి వచ్చిందా? ఆ చేదు కాఫీదా, మాడ్చిన బార్లీదా? ఈ బీర్‌లో అసలు మజా ఈ ప్రశ్నల్లోనే ఉంది, వీటికి జవాబు ఒక్క గుక్కలో దొరకదు, ఒక గ్లాస్ మీద కనీసం గంట కూర్చోవాలి. ఆ గంట ఎలా కూర్చోవాలో ఇక్కడ వరసగా చెప్తాను.

మొదలుపెట్టే ముందు: గ్లాస్‌లో ఏముందో తెలుసుకోండి

ఇంపీరియల్ స్టౌట్ అనేది 18వ శతాబ్దంలో లండన్‌లో కాసి రష్యా రాజదరబారుకి పంపిన గట్టి నల్ల బీర్ల నుంచి వచ్చిన స్టైల్. రష్యా మహారాణి రెండో కేథరిన్ కాలంలో థ్రేల్ అనే ఆయన బ్రూవరీ (బీర్ తయారుచేసే చోటు) నుంచి ఈ బీర్ అక్కడికి వెళ్లేది, 1781లో ఆ బ్రూవరీని బార్‌క్లే, పెర్కిన్స్ వాళ్లు కొనుక్కుని ఆ ఎగుమతి కొనసాగించారు. ఇప్పుడు ఈ స్టైల్‌కి మామూలుగా చెప్పే ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం, బ్యారెల్‌లో పెట్టినవి 13, 14 దాకా కూడా పోతుంటాయి.

బ్యారెల్ సంగతికొస్తే, ఎక్కువ శాతం బోర్బన్ (అమెరికన్ విస్కీ) పీపాలే వాడతారు, దానికో కారణముంది. అమెరికా రూల్ ప్రకారం బోర్బన్‌ని కొత్త, లోపల కాల్చిన ఓక్ చెక్కలోనే పెట్టాలి, అంటే ఒకసారి వాడిన పీపా మళ్లీ బోర్బన్‌కి పనికిరాదు, అందుకే సుమారు 200 లీటర్ల ఆ పీపాలు బ్రూవరీలకి దొరుకుతాయి. 1990ల్లో చికాగోలో గూస్ ఐలాండ్ వాళ్లు ఇలాంటి పీపాల్లో స్టౌట్ పోసి పెట్టడంతో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. స్టౌట్ ఆ పీపాలో నెలల తరబడి ఉంటుంది, చెక్కలోకి ఇంకిపోయిన బోర్బన్‌ని కూడా కొంచెం లాక్కుంటుంది, ఆల్కహాల్ కాస్త పెరుగుతుంది.

కాఫీ, వెనిలా మాత్రం సాధారణంగా ఆఖర్న వేస్తారు, అంటే పీపాలోంచి బీర్ బయటికొచ్చాక ట్యాంక్‌లో. కాఫీని గింజలుగా ఒకటి రెండు రోజులు నానబెట్టొచ్చు, లేదా కోల్డ్ బ్రూ చేసి (చన్నీళ్లలో కాఫీ నానబెట్టి దించి) కలపొచ్చు. వెనిలా కాయల్ని చీల్చి వేస్తారు. ముందే వేస్తే నెలల్లో వాటి వాసన చచ్చిపోతుంది, అందుకే ఆఖర్న. ఈ వరస గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకో ముఖ్యమైన ముక్క. వెనిలా కాయకి ఆ వాసన ఇచ్చేది వెనిలిన్ అనే పదార్థం. ఓక్ చెక్కని కాల్చినప్పుడు అందులోని లిగ్నిన్ విరిగి అదే వెనిలిన్ పుడుతుంది. వేయించిన కాఫీలో కూడా కొద్దిగా వెనిలిన్ ఉంటుంది. అలాగే పొగ వాసనిచ్చే గ్వాయకాల్ కాఫీలోనూ ఉంటుంది, కాలిన చెక్కలోనూ ఉంటుంది. అంటే ఈ మూడూ ఒకదాని సరిహద్దులోకి ఒకటి దూరిపోయి ఉంటాయి, అందుకే విడదీయడం కష్టం, అందుకే అంత బాగుంటుంది కూడా.

ముక్కుకి పాఠం

ఇది చాలామంది వదిలేసే స్టెప్, నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. బీర్ తెరిచే ముందు మూడు చిన్న గిన్నెలు పెట్టుకోండి. ఒకదాంట్లో అప్పుడే నలగ్గొట్టిన కాఫీ గింజలు, ఇంకోదాంట్లో చీల్చిన వెనిలా కాయ (దొరక్కపోతే అసలైన వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ రెండు చుక్కలు), మూడోదాంట్లో వీలైతే ఒక చెంచాడు బోర్బన్. ఒక్కోదాన్నీ విడిగా వాసన చూడండి, కళ్లు మూసుకుని. వెనిలా కాయలో మనం ఐస్‌క్రీంలో ఎరిగిన తియ్యటి వాసన ఒక్కటే కాదు, కొంచెం తోలు, కొంచెం ఎండు ఖర్జూరం, కొంచెం పూల వాసన కూడా ఉంటుందని అప్పుడు తెలుస్తుంది. బోర్బన్‌లో వెనిలా ఉంటుంది గానీ దాని పక్కనే కొబ్బరి, లవంగం, కారామెల్ అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ కొబ్బరి ఓక్ లాక్టోన్ వల్ల, ఆ లవంగం యూజినాల్ వల్ల, రెండూ చెక్కవే. ఈ తేడా ఒక్కసారి ముక్కుకి ఎక్కిందంటే సగం పని అయిపోయినట్టే.

తర్వాత ఆ గిన్నెలు వేరే గదిలో పెట్టేసి పదిహేను నిమిషాలు ఊరుకోండి. సెంటు రాసుకుని కూర్చోవద్దు, అగరొత్తులూ కొవ్వొత్తులూ వెలిగించొద్దు, అప్పుడే పళ్లు తోముకునో కారం తినో రావొద్దు.

చల్లదనం

ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గరున్న బీర్‌ని అలాగే తాగితే మీకు తెలిసేది చల్లదనం, చేదు, ఆల్కహాల్, అంతే. వాసనిచ్చే పదార్థాలు గాల్లోకి లేవాలంటే కాస్త వెచ్చదనం కావాలి, వెచ్చబడితే తీపి కూడా నాలుకకి ఇంకా బాగా తెలుస్తుంది. ఈ బీర్‌కి 12 నుంచి 15 డిగ్రీలు బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట, నలభై నిమిషాలు బయటపెట్టండి, గది వేడిని బట్టి అటూ ఇటూ. మరీ వెచ్చగా 20 దాటితే మాత్రం ఆల్కహాల్ ఘాటు ముక్కులోకి కొట్టి మిగతావన్నీ మూసేస్తుంది.

నేనైతే పూర్తిగా 12 డిగ్రీలకి వచ్చేదాకా ఆగను. 8, 9 దగ్గర మొదలుపెట్టి గ్లాస్‌లోనే వెచ్చబడనిస్తాను, ఎందుకంటే ఆ మారడాన్ని గమనించడమే రుచి చూడటంలో సగం.

గ్లాస్, పొయ్యడం

కింద పొట్ట వెడల్పుగా, పైన మూతి ఇరుగ్గా ఉండే గ్లాస్ కావాలి, స్నిఫ్టర్ గానీ తులిప్ గానీ. అవి లేకపోతే వైన్ గ్లాస్ చక్కగా సరిపోతుంది. నిటారుగా ఉండే పెద్ద బీర్ గ్లాస్ వద్దు, వాసన అంతా పైకెగిరి పోతుంది. గ్లాస్ సబ్బు వాసన రాకుండా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

మనిషికి 120 నుంచి 150 మిల్లీలీటర్లు చాలు. 12 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల బాటిల్ ఒక్కరే తాగితే అందులో సుమారు 31 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 5 శాతం బీర్ అంతే సైజువి దాదాపు రెండున్నర తాగినట్టు. కాబట్టి బాటిల్‌ని ఇద్దరు ముగ్గురు పంచుకోండి, ఆ తర్వాత బండి తియ్యొద్దు. పైగా మూడో గ్లాస్ దగ్గర ఎవరి నాలుకా సరిగా పనిచెయ్యదు.

మూతి మీద మైనం ఉంటే కత్తితో పోరాడొద్దు, ఓపెనర్‌ని మైనం మీదనుంచే మూత కింద నొక్కి ఎత్తండి, చాలావాటికి అలాగే వచ్చేస్తుంది, పెచ్చులు బాటిల్ మూతి దగ్గర ఉంటే గుడ్డతో తుడిచేసి అప్పుడు పొయ్యండి. గ్లాస్‌ని కొంచెం వంచి నెమ్మదిగా మొదలుపెట్టి చివర్లో నిటారుగా పట్టుకుని పోస్తే ఉన్న నురగ లేస్తుంది.

చూడటం

ఇక్కడ ఎక్కువసేపు ఉండక్కర్లేదు. రంగు నలుపే, లైట్‌కి ఎదురుగా పెట్టినా అంచుల్లో ఒక్క ముదురు గోధుమ చాయ తప్ప ఏం కనిపించదు. నురగ ముదురు గోధుమరంగులో, పల్చగా, త్వరగా పోయేలా ఉంటే కంగారు పడకండి, ఆల్కహాల్ ఎక్కువున్నప్పుడు నురగ నిలబడదు, పీపాలో ఉన్న బీర్‌లో గ్యాస్ కూడా తక్కువే ఉంటుంది. గ్లాస్ తిప్పితే గోడల మీద చిక్కగా జారే చారలు చూడండి, ఎంత చిక్కటి బీరో ఒక అంచనా వస్తుంది. అంతే.

వాసన: తొందరపడితే పోయేది ఇక్కడే

గ్లాస్ తిప్పకుండా ముందు ఒక జానెడు దూరంలో పట్టుకుని మామూలుగా ఊపిరి పీల్చండి. దూరం నుంచి మొదట వచ్చేది ఎక్కువగా కాఫీ, ఎందుకంటే కాఫీ వాసనల్లో తేలిగ్గా ఎగిరేవి ఎక్కువ. దాన్ని పేరుపెట్టి గుర్తించండి. అప్పుడే పొడి చేసిన కాఫీలా ఉందా, చల్లారిపోయిన కాఫీలా ఉందా, పండ్ల పులుపు వాసన ఏమన్నా ఉందా?

తర్వాత ముక్కు గ్లాస్ అంచుకి తెచ్చి, నోరు కొద్దిగా తెరిచి ఉంచి, చిన్న చిన్న పీల్పులు పీల్చండి. నోరు మూసి ఒక్కసారిగా గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ ముక్కుని మంటెక్కిస్తుంది, ఆ తర్వాత రెండు నిమిషాలు మీకేం తెలీదు. ఇక్కడ చాక్లెట్, కారామెల్, ఎండు ద్రాక్ష, మొలాసిస్ (చెరకు మడ్డి) లాంటివి వస్తాయి, అవి బార్లీవి, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ అయిన మాల్ట్‌వి.

ఇప్పుడు గ్లాస్‌ని నెమ్మదిగా రెండుసార్లు తిప్పి మళ్లీ చూడండి. వెనిలా దొరికిందా? దొరికితే దాని చుట్టూ ఏముందో వెతకండి, అదే ఇందులో కీలకం. వెనిలాతో పాటు కొబ్బరి, లవంగం, కొత్త చెక్క పొడి వాసన ఉంటే అది ఎక్కువగా పీపా ఇచ్చిన వెనిలా. ఒట్టి వెనిలానే ముందుకొచ్చి, క్రీంలా, మెత్తగా, పూల వాసనతో ఉంటే కాయ మాట్లాడుతోంది. రెండూ ఉంటే, మంచి బీర్లలో రెండూ ఉంటాయి, కాయ వెనిలా మొదటి పీల్పులో, చెక్క వెనిలా ఊపిరి వదిలేటప్పుడు తెలియడం నేను చాలాసార్లు గమనించాను.

ముక్కు అలసిపోతే (అయిదారు పీల్పులకే అలసిపోతుంది) మీ మోచేతి మడత దగ్గర మీ చర్మాన్నే వాసన చూడండి, లేదా కిటికీ దగ్గరికెళ్లి రెండు నిమిషాలు నించోండి. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు శుభ్రపడుతుందని అంటుంటారు, కాఫీ బీర్ దగ్గర మాత్రం ఆ పని అస్సలు వద్దు, మీరు వెతుకుతున్నదాన్నే ముక్కులో నింపుకున్నట్టవుతుంది.

మొదటి గుక్క, రెండో గుక్క

మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోకండి. అది నోటిని అలవాటు చెయ్యడానికి, ఆ ఆల్కహాల్‌కి, ఆ చిక్కదనానికి. చిన్నది తీసుకుని నోరంతా తిప్పి మింగేసి ఒక నిమిషం ఆగండి.

రెండో గుక్క అసలుది. ఒక చెంచాడంత తీసుకుని, నాలుక మీద నాలుగైదు సెకన్లు ఉంచి, నోరంతా పారించి, మింగి, నోరు మూసుకుని ముక్కులోంచి ఊపిరి వదలండి. ఈ ఆఖరి ముక్క మర్చిపోవద్దు. రుచి అనుకుంటున్న దాంట్లో చాలా భాగం నోటి వెనకనుంచి ముక్కులోకి వెళ్లే వాసనే, అది ఊపిరి వదిలేటప్పుడే తెలుస్తుంది.

నమ్మకం కలగకపోతే ఒక పని చెయ్యండి, ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. కాఫీ పోతుంది, వెనిలా పూర్తిగా పోతుంది, మిగిలేది తీపి, చేదు, కొంచెం పులుపు, గొంతులో వెచ్చదనం. వెనిలాకి తియ్యటి రుచంటూ లేదు, దాన్ని మనం తియ్యటి పదార్థాల్లోనే తిని తిని మెదడు తీపితో ముడిపెట్టేసింది. అందుకే వెనిలా వేసిన స్టౌట్ నిజంగా ఉన్నదానికంటే తియ్యగా అనిపిస్తుంది. "ఇది మరీ తీపి" అని తీర్పు ఇచ్చేముందు ఈ ముక్కు మూసే పరీక్ష చెయ్యండి. ముక్కు మూసినా తీపి అలాగే ఉంటే అది పులియకుండా మిగిలిపోయిన చక్కెర, ముక్కు మూయగానే తీపి తగ్గితే అది వెనిలా చేసిన పని. ఈ చిన్న విషయం తెలిశాక నేను చాలా బీర్ల మీద అభిప్రాయం మార్చుకున్నాను.

ఇక చేదు. ఇందులో మూడు రకాల చేదులు కలిసి ఉంటాయి. హాప్స్ (బీర్‌లో చేదు కోసం వేసే ఒక తీగ పూలు) చేదు మింగాక నెమ్మదిగా పైకొచ్చి చాలాసేపు ఉంటుంది. మాడ్చిన బార్లీ చేదు పొడిగా, మాడిన బ్రెడ్ అంచులా, మరీ ఎక్కువైతే బూడిదలా ఉంటుంది. కాఫీ చేదు ఒంటరిగా రాదు, దాంతోపాటు చిన్న పులుపు తీసుకొస్తుంది, ఆ పులుపు పట్టుకుంటే కాఫీ దొరికినట్టే. నాలుక చివర తీపి, వెనక చేదు అని పుస్తకాల్లో పాత బొమ్మ ఒకటి ఉండేది, దాన్ని పక్కన పెట్టండి, నాలుక అంతటా అన్ని రుచులూ తెలుస్తాయి, చోటు కాదు చూడాల్సింది, ఏది ఎప్పుడొచ్చింది అన్నది.

వగరుని చేదుతో కలిపెయ్యకండి. మన భాషలో ఈ రెండిటికీ వేరు వేరు మాటలున్నాయి, దాన్ని వాడుకోవాలి. చేదు రుచి, వగరు స్పర్శ. మింగాక నాలుకని చిగుళ్ల మీద, పళ్ల వెనక రాసి చూడండి, గరుగ్గా, ఆరిపోయినట్టు ఉంటే అది టానిన్, ఓక్ చెక్కలోంచి వచ్చింది. కాస్త వగరు ఉండాలి, లేకపోతే ఇంత తియ్యటి, చిక్కటి బీర్ నోట్లో పాకంలా అతుక్కుని కూర్చుంటుంది. ఎక్కువైతే మాత్రం పుల్ల నమిలినట్టు ఉంటుంది, పీపాలో మరీ ఎక్కువకాలం ఉంచేశారన్నమాట.

చిక్కదనం, గొంతులో వెచ్చదనం కూడా గమనించండి. వెచ్చదనం ఛాతీ దాకా మెల్లగా దిగితే బాగుంది, గొంతులో గీరినట్టు మండితే ఆల్కహాల్ ఇంకా కలిసిపోలేదు.

గంటలో మారేది

ఇప్పుడు గ్లాస్ కింద పెట్టి పదిహేను నిమిషాలు కబుర్లు చెప్పుకోండి. తర్వాత గ్లాస్ పొట్టని రెండు చేతుల్లో పట్టుకుని మళ్లీ మొదటినుంచీ, వాసన, గుక్క, ఊపిరి. ఇలా మూడుసార్లు చెయ్యండి.

చల్లగా ఉన్నప్పుడు కాఫీ, మాడిన బార్లీ ముందుంటాయి. 12 డిగ్రీలకి వచ్చేసరికి వెనిలా, చాక్లెట్ విచ్చుకుంటాయి. ఇంకా వెచ్చబడితే చెక్క, బోర్బన్, ఎండుపళ్లు బయటపడతాయి. చేసేటప్పుడు వేసిన వరసకి దాదాపు తిరగేసిన వరస ఇది, ఆఖర్న వేసిన కాఫీ ముందు, ఎప్పుడో నెలల క్రితం ఎక్కిన పీపా ఆఖర్న. అన్ని బీర్లలోనూ ఇలా ఖచ్చితంగా జరగదు గానీ, మూడిట్లో ఏదో ఒకటి మొదటినుంచి చివరిదాకా మిగతా రెండిటినీ నొక్కేస్తూనే ఉంటే ఆ బీర్‌లో బ్యాలెన్స్ లేదని నేను రాసుకుంటాను, ఎంత ఖరీదైనదైనా సరే.

గుక్కకీ గుక్కకీ మధ్య మామూలు నీళ్లు, ఉప్పూ కారం లేని సాదా బ్రెడ్ ముక్క. చాక్లెట్ తింటే బాగుంటుంది నిజమే గానీ అది ఆఖరి సగం గ్లాస్‌కి దాచుకోండి, ముందే తింటే చాక్లెట్ ఏది బీర్‌ది ఏది తిన్నది అనేది తేలదు.

తేడా కొట్టినవి గుర్తుపట్టడం

పచ్చి క్యాప్సికం లేదా పచ్చిమిరపకాయ వాసన వస్తే అది కాఫీ వల్లే. కాఫీలో పైరజీన్లు అనే పదార్థాలుంటాయి, కొన్ని గింజలతో, లేదా కాఫీ పాతబడేకొద్దీ మిగతా మంచి వాసనలు పోయి ఇది పైకి తేలుతుంది. కొంచెం ఉంటే కొందరికి ఇష్టమే, నాకు మాత్రం ఇష్టం లేదు.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బీర్‌కి గాలి తగిలింది. సోయా సాస్‌లాంటి ఉప్పటి వాసన వస్తే ఈస్ట్ చచ్చి విచ్చిపోయింది, లేదా బీర్ మరీ ముసలిదైపోయింది. వెన్న వాసన డయాసిటైల్ అనే పదార్థానిది, దీన్ని వెనిలా క్రీం అని పొరబడటం చాలా తేలిక, తేడా ఏంటంటే వెన్న వాసనతో పాటు నాలుక మీద జారుడుగా ఒక పొర ఉంటుంది. కాఫీ పులుపు చిన్నది, మింగగానే పోతుంది, అలా కాకుండా దవడలు లాగేసేంత పులుపు ఉంటే పీపాలో బ్యాక్టీరియా చేరింది. షెర్రీ వైన్ లాంటి వాసన, ఎండు ద్రాక్షతో కలిసి కాస్త ఉంటే మాత్రం తప్పు కాదు, పీపాలో ఉన్న బీర్‌కి అది సహజం.

రాసుకోవడం

ప్రతి వెచ్చదనం దగ్గరా రెండు మూడు మాటలు, టైం వేసి. "బాగుంది", "అదిరింది" కాకుండా వస్తువుల పేర్లు రాయండి, కొబ్బరి, తోలు, మాడిన బ్రెడ్, ఇలా. పక్కన ఇది దేన్నుంచి వచ్చిందనుకుంటున్నానో అని ఒక గుర్తు. పక్కవాళ్లు రాసింది మీరు రాయడం అయ్యాకే చూడండి, ఒకరు "కొబ్బరి" అని పైకి అన్నారంటే ఆ తర్వాత టేబుల్ చుట్టూ అందరికీ కొబ్బరే తెలుస్తుంది.

దాచాలా, తాగెయ్యాలా

ఇది స్ట్రాంగ్ బీర్ కదా ఏళ్లకేళ్లు దాచొచ్చు అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే ఒక బాటిల్‌ని రెండేళ్లు దాచి తెరిచాను. పీపా అద్భుతంగా ఉంది, ఖర్జూరం, కారామెల్ అన్నీ ఉన్నాయి, కాఫీ మాత్రం ఆనవాలు లేదు, వెనిలా సన్నటి గీతలా మిగిలింది. కాఫీకి ఆ తాజా వాసన ఇచ్చే సల్ఫర్ పదార్థాలు చాలా తొందరగా పాడైపోతాయి, బీర్ ఎంత గట్టిదైనా వాటిని కాపాడలేదు. కాబట్టి కాఫీ కోసం కొన్నవాళ్లు బాటిల్ చేసిన కొన్ని నెలల్లోనే తాగెయ్యండి. ఒకే బీర్‌వి రెండు దొరికితే ఒకటి ఇప్పుడు తాగి నోట్స్ రాసుకుని, రెండోది చల్లటి చీకటి చోట నిలబెట్టి ఏడాది తర్వాత తెరవండి, ఏది పోయిందో ఏది మిగిలిందో పక్కపక్కన చూసుకుంటే ఏ వాసన దేనిదో ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది.

ఆఖరిగా ఒకటి, తాగడం అయ్యాక గ్లాస్ వెంటనే కడక్కండి. అలాగే టేబుల్ మీద వదిలేసి గంట తర్వాత వచ్చి వాసన చూడండి. బీర్ లేదు, ఆల్కహాల్ ఎగిరిపోయింది, కాఫీ దాదాపు పోయింది, అడుగున ఆరిపోయిన ఆ రెండు చుక్కల్లో ఒట్టి చెక్క, వెనిలా మాత్రం ఉంటాయి, ఆ గంటసేపు మీరు వెతికిన పీపా అప్పుడు ఏ అడ్డూ లేకుండా దొరుకుతుంది.